కాళ్ల మీది బరువు, కొక్కెం మీది బరువు

పందిరి 31వ ఏడు, 181వ రోజు

ఈరోజు నా మోకాళ్లకు పండగ. మాంసానికి గొర్రెలను కోసే కోతశాల గడపలో కొత్త కాటా బిగించారు. గొర్రె గడప దాటితే చాలు, దాని బరువు దానంతటదే పెద్దమనిషికి చేరిపోతుంది.

పెద్దమనిషి అంటే మా నాలుగో పందిరి లెక్కలు చూసే యంత్రం. అడిగిన వెంటనే జవాబు చెప్పడు, చెప్పాక మార్చుకోడు, అందుకే ఆ పేరు. పందిరి పన్నెండో ఏట మూడు రోజులపాటు ఆయనకు మతి పోయింది. ఏ ఇంటికి ఎన్ని నీళ్లివ్వాలో ఎవరికీ తెలియక కొట్టుకున్నంత పనైంది. అప్పటినుంచి ప్రతి పనిగదిలోనూ మనిషి చేత్తో రాసే పుస్తకం ఒకటి ఉండాలని కట్టడి చేశారు. తూకం గది పుస్తకం ఇది. రాసేది వజ్రమ్మ, వయసు యాభై ఎనిమిది, మోకాళ్ల వయసు ఎనభై.

ఈ కాటా కావాలని అర్జీ పెట్టింది నేనే. ఇన్నాళ్లూ కోత రోజున తెల్లారగానే నాలుగు దొడ్లకూ నడిచి వెళ్లేదాన్ని. ఒక్కొక్క గొర్రెనూ గుడ్డ ఊయలలో వేసి, వేలాడే కాటాకు తగిలించి, అది తన్నే తన్నులు తిని, బరువు రాసుకుని వచ్చేదాన్ని. పడమటి అంచున ఉన్న కొమురవ్వ దొడ్డి చేరేసరికి తల ప్రాణం తోకకొచ్చేది. ఇక ఆ నడక లేదు. గొర్రెలే నా దగ్గరికి వస్తాయి. పాత కాటాను గోనెసంచిలో చుట్టి మూలన పెట్టాను.

మధ్యాహ్నం గుడ్డ కుట్టే వంతు మా వరుసది. ఎండ పడకుండా ఊరంతటి మీదా కప్పిన పందిరి గుడ్డ తూర్పున మూరెడు మేర చిరిగింది. ఆ చిరుగు కింద నిలబడిన రెండు నిమిషాలకే మెడ మీద చర్మం కాలింది. కుట్టేసి వచ్చాం.

189వ రోజు

కోత రోజు. నాలుగు మందల నుంచి నాలుగేసి, మొత్తం పదహారు గొర్రెలు.

గడప దగ్గర తూగేది కాళ్ల మీది బరువు. కోతగది అవతల తూగేది కొక్కెం మీది బరువు. రెండోది మొదటిదాంట్లో నూటికి ఎంతో అదే దిగుబడి. కోతగదిలో మనుషులుండరు, ఇనుప చేతులే ఉంటాయి. తోలు ఒకవైపు, తలకాయలూ కాళ్లూ ఒకవైపు, కడిగిన బోటి ఒకవైపు వచ్చేస్తాయి. పొట్టలో ఉన్నదంతా గొట్టంలోంచి నేరుగా గ్యాసు గుంటకు పోతుంది. లోపల ఏం జరుగుతుందో మేమెవరం చూడం.

మూడు తెల్ల మందలకూ యాభై ఒకటి, యాభై రెండు వచ్చాయి. నలభై ఎనిమిది దాటని మందలు అవి! కొమురవ్వ నల్ల మందకు మాత్రం నలభై మూడున్నర. కాళ్ల మీద ముప్పై అయిదున్నర కిలోలున్న గొర్రె కొక్కెం మీద పదిహేనున్నరే తూగింది. పోయిన కోతలో కాళ్ల మీద ముప్పై రెండే ఉండేవి. బరువు పెరిగాయి కదా అని పొద్దున సంతోషించాను కూడా. పెరిగిందంతా ఎక్కడికి పోయిందో తెలియదు.

నలభై అయిదుకు తగ్గితే మంద మీద ఒక మచ్చ. వరసగా మూడు కోతల్లో మూడు మచ్చలు పడితే మందను కరిగిస్తారు. అంటే అరవై తలలూ, ఆడవాటితో సహా, కోతకే. మేత ఇక్కడ తట్టల్లో మొలిపించే గడ్డి. పిడికెడు గడ్డికి ఎంత మాంసమో పెద్దమనిషికి లెక్క కావాలి. ఆ కట్టడి పెట్టినవాళ్లను తప్పు పట్టను, ఆకలి చూసినవాళ్లే పెట్టారు.

తెల్ల గొర్రెలు సీసాల్లోంచి వచ్చినవి. చలిపెట్టెలో దాచిన పిండాలను కరిగించి పుట్టించారు. నల్లవి అలా కాదు. ముప్పై ఒక్క ఏళ్ల కిందట కొమురవ్వ వాళ్లు ఎండలో నలభై రోజులు నడిచి ఈ పందిరికి చేరినప్పుడు వెంట నడిచొచ్చిన తొమ్మిది గొర్రెల సంతానం. అలాంటివి ఇక ఏ పందిరిలోనూ లేవు.

సాయంత్రం పోగులు వేశారు. రెండువందల పన్నెండు ఇళ్లు, రెండువందల పన్నెండు పోగులు. పోగులకు వీపు తిప్పి కూర్చుని పేర్లు పిలవడం నా పని. వెనకాల ఎవరో ఒక పోగును ముట్టుకుని "ఇదెవరిది?" అంటారు, నేను నోటికొచ్చిన ఇంటిపేరు చెబుతాను. చూడకుండా చెబితేనే అందరికీ నమ్మకం. ఇవాళ మూడో వరుస పున్నమ్మ తన పోగు ఎత్తుకుంటూ గొణిగింది. "యాభై రెండంట యాభై రెండు! నాలుగు ముక్కలు తగ్గాయేం?" ఆమె ఎప్పుడూ గొణుగుతుంది. పట్టించుకోలేదు.

191వ రోజు

గడప కాటాను ఇరవై కిలోల ఇనుప గుండుతో పరీక్షించాను. సరిగ్గా ఇరవై. రెండు గుండ్లు పెట్టాను, నలభై. కాటాలో తప్పు లేదు. కాబట్టి లోపం గొర్రెల్లోనే ఉందని తేల్చుకున్నాను.

193వ రోజు

కొమురవ్వ దొడ్డికి వెళ్లాను. మోకాళ్లు తిట్టుకున్నాయి. ఆమెకు డెబ్భై ఒకటి, నాకంటే చురుగ్గా నడుస్తుంది.

దిగుబడి తగ్గడానికి తెలిసిన కారణాలన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాను. ముసలివైతే ఎముక, కొవ్వు ఎక్కువై మాంసం తగ్గుతుంది. నోళ్లు తెరిచి పళ్లు చూశాను. కోతకు పెట్టినవన్నీ రెండు పళ్లవి, నాలుగు పళ్లవి, వయసులో ఉన్నవే. చూడివైతే కడుపులో పిల్ల బరువు కలుస్తుంది. ఇవన్నీ విత్తులు నొక్కిన పోతులు. పొట్టలో పురుగులుంటే కనురెప్ప లోపల తెల్లగా పాలిపోతుంది. ఎర్రగానే ఉంది.

"ఏంది బిడ్డా, పండ్లు లెక్కవెడుతున్నవ్? పెండ్లి సంబంధం జూస్తున్నవా?" అంది కొమురవ్వ.

"దిగుబడి పడిపోయిందవ్వా. ఎందుకో వెతుకుతున్నా."

"నా గొర్లకేం తక్కువైంది? మంచిగనే ఉన్నయ్. నీ గడప మిషిన్‌కే ఏదో తెగులు వట్టినట్టున్నది."

"దాన్నీ చూశాను. బాగానే ఉంది."

ఇక మిగిలింది ఉన్ని. తెల్లవాటికి ఒంటి మీద వెంట్రుకలే, నల్లవాటికి దట్టమైన ఉన్ని. పైగా కోతకు తెచ్చేముందు కొమురవ్వ గొర్రె వీపు మీద నీళ్లు చల్లుతుంది. అది ఒళ్లు విదిలిస్తే జడ్తి ఇచ్చినట్టు, అంటే పోవడానికి ఒప్పుకున్నట్టు. విదిలించేదాకా ఆమె అడుగు కదపదు. తడిసిన ఉన్ని బరువు తూగుతుందేమో. ఉన్ని కత్తిరించి తెమ్మని చెప్పాను. ఆమె సరేనంది. ఇద్దరికీ ధైర్యం వచ్చింది.

204వ రోజు

కోత రోజు. ఉన్ని కత్తిరించిన గొర్రెలు బక్కగా, సిగ్గుపడుతున్నట్టు గడప దాటాయి. నలభై నాలుగున్నర. ఉన్ని బరువు ముప్పావు కిలో తగ్గింది, అంతే. మిగతా బరువు అలాగే ఉంది.

రెండో మచ్చ.

మేత కమిటీ కార్యదర్శి పరాంకుశం గారు మధ్యాహ్నం కాగితం పట్టుకుని వచ్చారు. ఆయన చెడ్డమనిషి కాదు. చెడ్డ వార్త చెప్పాల్సి వస్తే ముందు మంచినీళ్లు అడుగుతారు. తాగి చెప్పారు. "219న కూడా ఇంతే అయితే మంద కరిగించాలి వజ్రమ్మగారూ. కొమురవ్వ గారికి తట్టల గదిలో నీడపట్టు పని చూశాను. కూర్చుని చేసే పని."

"ఆమె కూర్చోవడం మీరెప్పుడైనా చూశారా?" అన్నాను.

ఆయన ఖాళీ గ్లాసు పక్కన పెట్టి కాగితం నా ముందుకు జరిపారు. కాగితం మీద సంతకం నాదే కావాలట. తూకం వేసింది నేను కదా. పెట్టాను. కోపంతో పేరు చివర అక్షరం చెడిపోయింది.

205వ రోజు

బోటి కడిగిన తొట్ల దగ్గర గ్యాసు గుంట చూసే యేసుపాదం తగిలాడు. గుంటూరు వైపు మనిషి. గుంట గురించి తప్ప ఇంకో మాట మాట్లాడడు. సాధారణంగా తప్పించుకుంటాను, ఇవాళ తప్పించుకునే ఓపిక లేకపోయింది.

"అక్కో, గ్యాసు పడిపోయిందే. కోత అయిందంటే నాకు వారం రోజులు దిగులుండేది కాదు. ఇప్పుడు నాలుగో రోజుకే పొయ్యిలు సన్నగిల్లుతున్నాయి."

"గొర్రెలు అన్నే కదా వస్తున్నాయి."

"గొర్రెలు అన్నేలే. పేగుల్లో సరుకేది? గొట్టానికి అద్దం ఉంది గదా, చూస్తా ఉంటా. మూడు మందలు దిగేదాకా గాలి తప్ప ఏమీ రాదు. ఆ నల్లగొర్రెల వంతు వచ్చిందా, గొట్టం బద్దలయ్యేట్టు దిగుద్ది! ఆ నాలుగూ లేకపోతే ఈపాటికి పచ్చి బియ్యం తింటా ఉండేవోళ్లం."

నేను చేతిలో ఉన్న చెంబు కింద పెట్టాను. ఆ మాట మళ్లీ చెప్పమన్నాను. అతను సంతోషంగా మళ్లీ చెప్పాడు, ఈసారి ఇంకా పెద్దదిగా. అతని గుంట కబుర్లు ఇన్నేళ్లలో మొదటిసారి ఇంకొకరు శ్రద్ధగా విన్నారు.

206వ రోజు

కొమురవ్వ దొడ్డికి మళ్లీ వెళ్లాను. ఆమె గిలకతో గడ్డి తట్ట దించుతోంది.

"అవ్వా, కోత పొద్దున వీటికి ఏమైనా పెడుతున్నావా?"

ఆమె దాచలేదు. దాచాల్సిన విషయమని ఆమెకు తోచనేలేదు. "పెట్టకుంటే ఎట్ల? ఉలువల గుగ్గిళ్లు వెడ్త, పచ్చగడ్డి వెడ్త, కడుపునిండ నీళ్లు తాపుత. గప్పుడు తోలుకొస్త."

పొద్దుగూకాక మేత ఆపాలి, కోత అయ్యేదాకా పెట్టకూడదు. అది కట్టడి. ఆమె మాత్రం తెల్లారగానే ఒక్కోదానికి మూడున్నర కిలోల మేతా నీళ్లూ పట్టించి నా కాటా మీదికి పంపుతోంది. కడుపులో ఉన్నది మాంసం కాదు కదా. కాళ్ల మీద తూగుతుంది, గొట్టంలోకి పోతుంది.

"ఉలవలెక్కడివి?"

"నా వాటాయి. నీళ్లు గూడ నాయే. ఒక్క పూటకేం గాదు."

ఆమె దవడలు ఎంత లోతుకు పోయాయో అప్పుడు చూశాను. ఎన్నేళ్లుగా అలా ఉన్నాయో నాకు తెలియదు.

"ఎప్పటినుంచి పెడుతున్నావవ్వా?"

"ముప్పై ఏండ్ల సంది. నువ్వు తూకమేసి అటు వోంగనే పెడుతుంటి. నువ్వెన్నడు ఎనకకు మర్రి సూడలే."

బతిమాలాను. ఇంకొక్క మచ్చ పడితే మంద ఉండదని చెప్పాను. ఈ ఒక్కసారికి మానెయ్యమన్నాను. ఆమె తట్ట పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

"నా బిడ్డె ఎట్ల వోయిందో నీకు చెప్పిన్నా?"

"లేదు."

"పందిరి ఇంక మూడు దినాల నడక ఉన్నదనంగ పోయింది. పదకొండేండ్లు. అవ్వా, ఆకలైతున్నదే అన్నది. జర ఆగు బిడ్డా, పొద్దుగూకినంక సూద్దమన్న. గప్పటిదాంక ఆగలే. ఎత్తుకుంటే ఏం లేదు చేతుల. నువ్వు తూకమేసేదానివి గద, గంత తేలిక నువ్వెన్నడు తూకమెయ్యలే." కొంగుతో గొర్రె కళ్లు తుడిచింది, తనవి కాదు. "గప్పటి సంది నా చేతులకెల్లి పోయేది ఏదైనా కడుపునిండి పోవాలె. మందను తీస్కపోతరా, తీస్కపోండ్రి. ఆకలితోని మాత్రం నేను తోలియ్య."

దారిలో ఏడ్చాను. పుస్తకంలో ఇది రాయాల్సిన పని లేదు, కానీ జరిగింది కాబట్టి రాస్తున్నాను.

208వ రోజు

రెండు రోజులుగా ఒక్కటే ప్రశ్న. ముప్పై ఏళ్లుగా పెడుతుంటే ఇప్పుడే ఎందుకు తగ్గింది?

పాత పుస్తకాలు దించాను. నల్ల మందకు పోయిన ఏడాది పొడుగునా నలభై ఎనిమిది, నలభై ఎనిమిదిన్నర. ఆ గొర్రెలే, ఆ గుగ్గిళ్లే. మారింది ఒక్కటే. అప్పుడు నేను దొడ్డికి వెళ్లి తూచేదాన్ని, రాత్రంతా ఖాళీగా ఉన్న కడుపుతో. నేను వెళ్లాక ఆమె పెట్టేది. ఇప్పుడు ఆమె పెట్టాక అవి నా దగ్గరికి వస్తున్నాయి.

కాటాకు పరీక్ష పెట్టాను, పళ్లకు పెట్టాను, ఉన్ని కత్తిరించి ముసలామె గొర్రెలను బోడిగా నిలబెట్టాను. లోపం నా మోకాళ్లలో ఉందని తట్టలేదు. రెండు మచ్చలూ నేను పెట్టినవే. సంతకం కూడా నాదే.

యేసుపాదం చెప్పినదాంట్లో రెండో సగం కూడా ఉంది. మూడు మందల పేగుల్లో గాలి. ఉత్తరపు దొడ్డికి వెళ్లి అడిగాను. కాపరి ఒప్పుకున్నాడు. గడప కాటా వచ్చాక వాళ్లు కోతకు రెండు రోజుల ముందే మేత కట్టేస్తున్నారట, ముందురోజు నీళ్లు కూడా. అలా ఎండబెడితే కాళ్ల మీది బరువు ఇరవై ఎనిమిదికి దిగుతుంది, శాతం పైకి లేస్తుంది. తక్కిన రెండు దొడ్లలోనూ అదే. దొడ్లోనే తూచినప్పుడు ఈ ఎత్తు పారేది కాదు, డొక్కలు చూడగానే పట్టుకునేదాన్ని; గడప దగ్గర నేను నల్లవాటినే చూశాను. వాళ్లను తిట్టలేకపోయాను. మచ్చ పడుతుందన్న భయం వాళ్లకూ ఉంది.

కానీ రెండు రోజులు ఎండిన గొర్రె తన కండనే తినడం మొదలుపెడుతుంది. కొక్కెం మీది బరువులు మాత్రం విడిగా తీసి చూశాను. తెల్లవి పదిహేనున్నర ఉండేవి, ఇప్పుడు పద్నాలుగున్నర. నల్లవి పదిహేనున్నర, అప్పుడూ ఇప్పుడూ. యాభై రెండు వచ్చిన గొర్రె మాకు కిలో తక్కువ పెడుతోంది, నలభై నాలుగున్నర వచ్చింది నిండుగా పెడుతోంది. కోతకు పన్నెండు కిలోలు తగ్గాయి. పదిళ్ల పోగులు.

పున్నమ్మ గొణిగింది నిజమే. నేను పోగులకు వీపు తిప్పి కూర్చున్నాను.

212వ రోజు

కమిటీ ముందు నిలబడ్డాను. అన్నీ చెప్పాను, అర్జీ నాదని కూడా.

పరాంకుశం గారు చాలాసేపు వేళ్ల మీద లెక్క వేసుకున్నారు. "కడుపు నిండుగా ఉన్న గొర్రెను కోస్తే పేగు తెగి మాంసం పాడవుతుంది. కట్టడి పెట్టింది అందుకే కదండీ."

"ముప్పై ఏళ్లలో నల్ల గొర్రె పేగు ఒక్కటైనా తెగిందేమో పెద్దమనిషిని అడగండి."

అడిగారు. తెగలేదు. మా ఇనుప చేతులకు ఎన్ని వంకలు పెట్టినా ఆ పనితనం మాత్రం ఒప్పుకోవాలి.

"అయినా మేత వృథాయే కదా?" అన్నారాయన.

వెనక బెంచీ మీద నుంచి యేసుపాదం లేచాడు. అతన్ని ఎవరూ పిలవలేదు. "వృథా ఎక్కడయ్యా? ఆ ముసలామె ఉలవలు నా గుంటకొచ్చి, నా గుంటలోంచి మీ పొయ్యికొచ్చి, మీ అన్నం ఉడుకుతా ఉంది."

కొందరు నవ్వారు. పరాంకుశం గారు కూడా నవ్వబోయి ఆపుకున్నారు. ఆ తర్వాత మెల్లగా అన్నారు. "మా ఇంట్లోనూ రెండు కోతలుగా కూర పీచుగా ఉందంటున్నారు. నేనే నోరు మూయించాను."

ప్రశ్న పెద్దమనిషికి పంపారు. దొడ్లో తూచిన బరువు చెల్లుతుందా?

216వ రోజు

జవాబు నాలుగు రోజులకు వచ్చింది. చెల్లుతుంది. అయితే నాలుగు మందలనూ ఒకే ఉదయం, ఒకే మనిషి, ఒకే కాటాతో, మేతకు ముందు తూచాలి. ఏ ఒక్క దొడ్డి తప్పినా గడప కాటా అంకెలే నిలుస్తాయి.

"ఆ నడక మీవల్ల అవుతుందా?" అని పరాంకుశం గారు అడిగారు. "కాకపోతే చెప్పండి, తూకం పని ఇంకెవరికైనా..."

"నాకు తెలిసినంతగా ఆ కాటా ఇంకెవరికీ తెలియదు," అన్నాను. గొప్పకు చెప్పలేదు. ఇంకెవరూ దాని తన్నులు తినలేదు.

కొమురవ్వకు కబురు చెప్పడానికి వెళ్లాను. "నేను వచ్చేదాకా పెట్టకు. తూచాక నీ ఇష్టం."

"ఎప్పుడొస్తవ్?"

"మొదటి గంట మోగేసరికి."

"మొదటి గంటకు రా. నోరులేనియి, ఎక్కువసేపు ఆపలేను."

219వ రోజు

తెల్లారుతుండగా బయల్దేరాం. కాటా యేసుపాదం మోశాడు. మోస్తానని అతనే వచ్చాడు. దారంతా గుంట గురించే చెప్పాడు, ఈసారీ విన్నాను.

ఉత్తరం దొడ్డి, తూర్పు దొడ్డి అయ్యాయి. తెల్ల గొర్రెల డొక్కలు ఎండి లేవు, రాత్రి పస్తు తప్ప ఏమీ లేదు. శాతం తగ్గుతుందని కాపరులు భయపడ్డారు. నలభై ఎనిమిదికి ఎవరినీ ఏమీ అనరని చెప్పాను. దక్షిణపు దొడ్లో ఒక పోతు ఊయలలోంచి దూకి నా ఎడమ మోకాలి మీద తన్నింది. కాసేపు కళ్లు తిరిగాయి. లేచాను. అప్పుడే మొదటి గంట మోగింది. కొమురవ్వ దొడ్డి ఇంకా మైలు దూరం.

అంత దూరం కుంటుకుంటూ పోవడం నా జీవితంలో అదే మొదలు. "నువ్వు కూర్చో అక్కా, నేను పోయి తూస్తాలే," అన్నాడు యేసుపాదం. ఒకే మనిషి అన్నాడు పెద్దమనిషి. కూర్చోలేదు. రెండో గంట కూడా మోగింది. దానికి ముందే ఆమె పెట్టేసి ఉంటుందని అనుకున్నాను. పెట్టి ఉంటే తప్పు ఆమెది కాదు. ఆకలితో ఆగమన్న మాట ఆమె ఒకసారి అన్నది, దాని బరువు ఆమెకు తెలుసు. ఆ మాటే మళ్లీ ఆమె చేత అనిపించాను.

దొడ్డి దగ్గరవుతుంటే గొర్రెల అరుపులు వినిపించాయి. ఆకలి అరుపులు. అంత సంతోషం కలిగించిన అరుపు నేనెప్పుడూ వినలేదు, ఆ సంతోషానికి సిగ్గు కూడా వేసింది.

కొమురవ్వ తడికకు అడ్డంగా నిలబడి ఉంది. వెనక నాలుగు గొర్రెలు ఆమె చీర లాగుతున్నాయి. ముందు గుగ్గిళ్ల గంప, పైన గుడ్డ కప్పి ఉంది. ఆమె ముఖమంతా తడిగా ఉంది.

"జర ఆగుండ్రి, జర ఆగుండ్రి అనుకుంట నిలవడ్డ," అంది. "జల్ది కానియ్ బిడ్డా. ఇంక నాతోని గాదు."

నాలుగూ తూచాం. ముప్పై రెండు, ముప్పై ఒకటిన్నర, ముప్పై రెండున్నర, ముప్పై రెండు. చివరిదాన్ని ఊయలలోంచి దించకముందే ఆమె గంప మీది గుడ్డ తీసేసింది. అవి తినే చప్పుడు తప్ప కాసేపు ఏమీ లేదు. ఇన్నేళ్లలో మొదటిసారి వెనక్కి తిరగకుండా అక్కడే నిలబడి చూశాను. ఒక్కొక్కదాని నోటికీ దోసిలితో అందించింది. నీళ్లు తాపింది. వీపుల మీద చల్లింది. ఒక్కొక్కటే ఒళ్లు విదిలించాయి. అప్పుడు తోలింది.

మధ్యాహ్నానికి అంకెలు వచ్చాయి. తెల్ల మందలు నలభై ఎనిమిది, నలభై ఎనిమిది, నలభై ఏడున్నర. నల్ల మంద నలభై ఎనిమిదిన్నర. చెప్పాక మార్చుకోని పెద్దమనిషి కూడా ఈసారి రెండు మచ్చలూ తీసేశాడు. కట్టడిలో కూడా ఒక మాట చేరింది. పస్తు తూకం దాకానే, తూకం తర్వాత కాపరి ఇష్టం. పరాంకుశం గారు ఆ కాగితం నా దగ్గర కాకుండా కొమురవ్వ దగ్గరికి స్వయంగా తీసుకెళ్లారట. మంచినీళ్లు అడగలేదట.

ఇకనుంచి ప్రతి కోతకూ ఈ నడకే. మోకాలికి వేడినీళ్ల గుడ్డ కట్టుకుని రాస్తున్నాను. సాయంత్రం పోగుల దగ్గర పీట ఇటు తిప్పి, పోగులన్నీ ఒకసారి కళ్లారా చూసి, ఆ తర్వాతే వీపు తిప్పి పేర్లు పిలిచాను. పున్నమ్మ గొణగలేదు. ఆమె గొణగకపోవడం నేనెరిగి ఇదే మొదటిసారి.

పొద్దుటి సంగతి ఒకటి రాయడం మరిచాను. తూకం అయ్యాక కాటా సంచిలో చుట్టి, పోయొస్తానవ్వా అని కదిలాను. కొమురవ్వ నా చెయ్యి పట్టుకుని ఆపింది. గంప అడుగున మిగిలిన గుగ్గిళ్లు రెండు దోసిళ్లు రెండు ఆకుల్లో వేసి, ఒకటి నాకు, ఒకటి యేసుపాదానికి ఇచ్చింది.

"నాకొద్దవ్వా, అవి నీ వాటా ఉలవలు," అన్నాను.

"తెల్లారకముందు బయల్దేరినవ్, ఏం తినలే. మొకం జూస్తె తెలుస్తలేదా?" అంది. "తినిపో బిడ్డా."

ఆమె తడికకు అడ్డంగా నిలబడింది. ఆకు ఖాళీ అయ్యేదాకా తప్పుకోలేదు.